గడ్డం సందున పొగ

సోమవారం బట్టలుతికే రోజు. అమెరికాలో ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో, కరెంటూ కార్లూ వద్దనుకుని పాత పద్ధతుల్లో బతికే ఆమిష్ క్రైస్తవుల ఏ ఇంటి పెరట్లో చూసినా పొద్దెక్కేసరికి తీగ నిండా నల్ల ప్యాంట్లు, నీలం గౌన్లు వేలాడుతుంటాయి. మలిండా పెరట్లో మాత్రం తీగ ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె నీళ్ళ తొట్టి ముందు నిలబడి మొగుడి చేతిరుమాళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూస్తోంది. విప్పిన ప్రతిదాంట్లోనూ ఎండిన నెత్తురు మరక కనబడింది.

రుమాళ్ళన్నీ పోగేసి, తడిచేతులతోనే తేనెపెట్టెల షెడ్డుకి నడిచింది. అబ్నర్ అక్కడ బ్యాటరీకి తీగలు బిగిస్తున్నాడు.

"ఇవేంటి?" అంది.

"రుమాళ్ళు."

"రుమాళ్ళని నాకూ తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఉతుకుతున్నది నేనేగా! వీటికి ఈ నెత్తురేంటని అడుగుతున్నా."

"ముక్కులోంచి కాస్త కారిందిలే. గడ్డి దుమ్ము."

"ఏ గడ్డి? కోసిన గడ్డి కొట్టంలోకి చేరి ఎన్నాళ్ళైంది? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావ్?"

అబ్నర్ ఏదో అనబోయాడు. మాటకి ముందు దగ్గు వచ్చింది. షెడ్డు గోడ పట్టుకుని, నడుం వంచి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు. తలెత్తేసరికి పెళ్ళాం చేతిలో రుమాళ్ళు అలాగే ఉన్నాయి.

గొడవంతా పేల గురించి. తేనెటీగలకి పేలు పడతాయి. ఒక్కో ఈగ వీపుకి అంటుకుని దాన్ని పీల్చి పిప్పి చేస్తాయి. పట్టించుకోకపోతే శీతాకాలం నడుమ పెట్టె తెరిచి చూసినప్పుడు లోపల ఏ చప్పుడూ ఉండదు. వేసవి తేనె తీశాక, పుల్లటి ఆమ్లం పొడి ఒకటుంది, దాన్ని చిన్న ఇనప పెనంలో పోసి, పెట్టె గుమ్మంలోంచి లోపలికి తోసి, బ్యాటరీతో కాలుస్తారు. తెల్లటి పొగ లేస్తుంది. పేలు చస్తాయి, ఈగలు బతుకుతాయి. పిల్ల ఈగల గదుల మైనం మూతల కింద దాక్కున్న పేలు తర్వాత బయటికొస్తాయి కాబట్టి వారానికోసారి మళ్ళీ మళ్ళీ పెట్టాలి. మరి పెట్టే మనిషి సంగతి? ఆ ప్రశ్న ఆ చుట్టుపక్కల తేనెటీగలు పెంచే మగాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. కుడితే కుట్టించుకోవడం, పొగ వస్తే పీల్చుకోవడం, అదే మగతనం అనుకునే రకాలు.

ఈ పెనం పద్ధతి అబ్నర్‌కి నేర్పినవాడు అతని అన్న ఎర్విన్. ఒక్క తమ్ముడికేమిటి, ఊళ్ళో తేనెపెట్టెలున్న ప్రతివాడికీ నేర్పాడు. "ఇదేమన్నా విషమా? రూబార్బ్‌లో ఉండే పులుపే ఇది. దేవుడు పెరట్లో మొలిపించిన పులుపు!" అని చెప్పేవాడు. రూబార్బ్ లేని పెరడు అక్కడ లేదు. ఎర్రటి పుల్లటి కాడలు కోసి, చక్కెర వేసి, ప్రతి ఇల్లాలూ 'పై' అనే తీపి రొట్టె చేస్తుంది. ఆ మాట వినగానే ఎవడికైనా నాలుక మీద పై రుచి తగుల్తుంది. ఇంకేం భయం?

"మాస్కు వేసుకుంటున్నావా, లేదా?" అని నిలదీసింది మలిండా.

"వేసుకుంటున్నాను తల్లీ! అదిగో, మేకుకి వేలాడుతోంది చూడు. మొదట్లో లేదు. దగ్గు వస్తోందని కొన్నాను. వేసుకున్నా దగ్గు ఆగలేదు. అంటే ఏంటన్నట్టు? దగ్గు పొగవల్ల కాదన్నట్టేగా!"

ఆ తెలివికి దండం పెట్టాలి. మలిండాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ మాస్కు కళ్ళముందే ఉంది, మంచి రబ్బరు మాస్కు, రెండువైపులా గుండ్రటి వడపోత డబ్బాలు. రుమాళ్ళు తెచ్చి తొట్టిలో పడేసి, మరకలు పోయేదాకా కాదు, వేళ్ళ తోలు లేచేదాకా రుద్దింది.

ఆమె కోపం వెనక ఒక భయం ఉంది. ఆరాధనలో పాట ఎత్తేది అబ్నరే. వాళ్ళ ఆరాధనకి గుడి ఉండదు, వాయిద్యం ఉండదు. రెండు వారాలకోసారి ఒకరి ఇంట్లో బల్లలు వేసుకుని, మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కూర్చుంటారు. పాట సాగి సాగి నడుస్తుంది. ప్రతి చరణంలో ప్రతి పాదానికీ మొదటి అక్షరం ఒక్క మనిషే ఎత్తాలి, ఒక్క ఊపిరిలో, కొండెక్కి దిగినట్టు. ఆ తర్వాతే మిగతా అందరూ అందుకుంటారు. అబ్నర్ తండ్రి ఎత్తేవాడు, ఇప్పుడు అబ్నర్. పెళ్ళికి ముందు మలిండా మనసు పడింది మనిషి ముఖం చూసి కాదు, ఆ గొంతు వినే. కిందటి ఆరాధనలో చివరి పాదం దగ్గర ఆ గొంతు తెగింది.  వచ్చే ఆరాధన ఈ ఆదివారం, వీళ్ళింట్లోనే. సొంత ఇంట్లో, పిల్లల ముందు, పాట ఎత్తలేకపోతే ఆ మనిషి మళ్ళీ తలెత్తుకుని తిరగడని ఆమెకి తెలుసు.

ఆ వారం మధ్యలో హార్స్‌రాడిష్ రుబ్బాల్సి వచ్చింది. ఆదివారం భోజనాల్లో నంజుకోడానికి కావాలి. అది వట్టి తెల్ల దుంపే, తవ్వినప్పుడు నంగనాచిలా ఉంటుంది. మరలో వేసి పిడి తిప్పడం మొదలెడితే మాత్రం ముక్కులో నిప్పులు పోసినట్టే. అందుకే దాన్ని ఎవరూ ఇంట్లో రుబ్బరు, గాలి తగిలే వసారాలో రుబ్బుతారు. అయినా ఏడుస్తూనే రుబ్బుతారు. మలిండా పిడి రెండుసార్లు తిప్పి, కళ్ళు మూసుకుని తిట్టుకుని, షెడ్డుకెళ్ళి మొగుడి మాస్కూ కళ్ళద్దాలూ తెచ్చుకుంది. తలగుడ్డ మీదుగా పట్టీలు బిగించి మళ్ళీ తిప్పింది.

ఏమీ కాలేదు. మొహం మర మీదకి వంచింది. అయినా చురుక్కుమనలేదు. ఊపిరి గట్టిగా పీల్చింది. రబ్బరు వాసన తప్ప మరేదీ రాలేదు.

అబ్నర్ అటుగా వచ్చి, పెళ్ళాం అవతారం చూసి పగలబడి నవ్వాడు. నవ్వు వెంటే దగ్గు. "ఇదేంటే, దుంప రుబ్బుతున్నావా, దొంగతనానికి వెళ్తున్నావా?"

మలిండా మాస్కు తీసింది. "ఇలా రా. ఇది పెట్టుకో."

"నాకెందుకు?"

"పెట్టుకోమంటున్నానా!"

పెట్టుకున్నాడు. పట్టీలు ఆమే బిగించింది, చెవుల వెనక తోలు ఎర్రబడేదాకా. "వంగు. మర దగ్గరికి. ఇంకా వంగు. ఇప్పుడు పీల్చు."

ఒక్కసారి పీల్చాడు. అంతే, వసారా మెట్ల మీద కూలబడి మాస్కు ఊడబెరుక్కుని, గుండెలు ఎగిరిపడేలా దగ్గాడు. మలిండా అతని వీపు నిమురుతూ, చేతిలో మాస్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. అదే మాస్కు. అవే డబ్బాలు. ఆమె ముఖం మీద గోడలా నిలబడింది, అతని ముఖం మీద జల్లెడైపోయింది. ఆమె తన బుగ్గ తడుముకుంది. ఆ తర్వాత చెయ్యి చాచి అతని గడ్డం తడిమింది.

గడ్డం! ఛాతీ మీదకి జారే గోధుమరంగు గడ్డం. రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాల్సిన చోటంతా వెంట్రుకలే. ఆ వెంట్రుకల సందుల్లోంచి పొగ నేరుగా నోట్లోకి పోతోంది. ఇన్ని వారాలూ మాస్కు పెట్టుకుని, ధైర్యంగా పెట్టె మీదకి వంగి, ఎప్పటికంటే ఎక్కువే పీల్చాడన్నమాట.

 పెళ్ళైన ఆమిష్ మగాడు గడ్డం తీయడు. తీస్తే బాగుండదని కాదు, వాళ్ళ మతంలో తీయడం అనే మాటే ఉండదు. ఆ రబ్బరు మాస్కు చేసినవాడెవడో అబ్నర్‌లాంటివాడొకడు ఈ లోకంలో ఉంటాడని కల్లో కూడా అనుకుని ఉండడు.

మర్నాడు కారు నడిపే బయటి మనిషిని పిలిపించుకుని అబ్నర్‌ని మిల్లర్స్‌బర్గ్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఛాతీ విని, గొంతులోకి చూసి, ఊపిరి గొట్టాలు పుండయ్యాయన్నాడు. "ఆ పొగ దగ్గరికి ఇక వెళ్ళకండి. కొంత మానుతుంది. ఎంత మానుతుందో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. దారి పొడుగునా అబ్నర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకో రెండు విడతలు పొగ పెట్టకపోతే పెట్టెలన్నీ పోతాయి" అన్నాడు ఇంటికి వచ్చాక.

"నువ్వు పోకుండా ఉంటే చాలు" అంది మలిండా.

శుక్రవారం ఇల్లు కడగడానికి అయినవాళ్ళొచ్చారు. ఆరాధన జరిగే ఇంటికి అలా రావడం అక్కడి మర్యాద. ఎర్విన్, అతని భార్య సలోమా కూడా వచ్చారు. ఆడవాళ్ళు గోడలు తుడుస్తుంటే మగవాళ్ళు బల్లలు మోశారు. అబ్నర్ ఒక బల్ల ఎత్తి సగం దూరంలోనే దించేశాడు.

"ఏరా, ముసలాడివైపోయావా?" అని ఎకసెక్కం ఆడాడు ఎర్విన్. "డాక్టరు దగ్గరికి వెళ్ళారటగా! ఆ పొగా ఒక పొగేనా? నేను మాస్కు లేకుండా పెడతాను. ఊపిరి బిగబట్టి పెనం తోసి, పక్కకి తప్పుకుంటాను. గొంతు అలవాటుపడాలి గానీ, దానికింత రాద్ధాంతమా?"

వంటగదిలో గిన్నెలు కడుగుతున్న మలిండాకి ప్రతి అక్షరం వినబడింది. ఆడది కోపం దిగమింగుకోవాలని, కోపం పాపమని, చిన్నప్పటినుంచీ చెవిలో ఇల్లుకట్టుకుని చెప్పినవాళ్ళే అందరూ. ఆ రోజు దిగమింగడానికి ఆమె గొంతులో చోటు లేదు. కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. రొట్టె, చికెన్, నూడుల్స్, ఊరబెట్టిన బీట్‌రూట్ వచ్చాయి. ఎర్విన్ ముందు మాత్రం ఇంకో గిన్నె ప్రత్యేకంగా వచ్చింది. ఉడకబెట్టి వెన్న వేసిన ఆకుకూర, పొగలు కక్కుతూ ఉంది.

"ఇదేం కూర మలిండా?" అంటూ చెంచాతో కదిపి చూశాడు.

"తినండి బావగారూ. మీకిష్టమైనదే. రూబార్బ్."

"రూబార్బ్ కాడ కదా తినేది!"

"కాడలు సలోమా చేసిన పైలో తిన్నారుగా. ఇవి ఆకులు. వేడివేడిగా ఉన్నాయి, కానివ్వండి."

ఎర్విన్ చెంచా గిన్నెలో పడేశాడు. "నీకేమన్నా మతిపోయిందా? ఆకులు విషం! పసిపిల్లలకి కూడా తెలుసు. మా అమ్మ వాటిని ఆవుల దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు."

"విషమా? భలేవారే! దేవుడు పెరట్లో మొలిపించిన పులుపు కదండీ! మీరేగా ఊరూరా తిరిగి చెప్పింది? ఆ పులుపు కాడలో కాస్తే, ఆకులోనే మెండు. మీ డబ్బాలో ఉన్నది అంతకంటే మెండు. ఆకు కడుపులోకి పోతే విషం, అదే పొగై నా మొగుడి గుండెలోకి పోతే అలవాటా? ఒక్క ముద్ద తినండి. గొంతు అలవాటుపడుతుంది."

బల్ల చుట్టూ ఎవరూ నమలడం లేదు. పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. సలోమా తలొంచుకుని పెదవి కొరుక్కుంటోంది. నవ్వు ఆపుకోడానికో ఏడుపు ఆపుకోడానికో తెలియలేదు.

ఎర్విన్ మొహం కందగడ్డైంది. అయినా తగ్గితే ఎర్విన్ ఎలా అవుతాడు? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. "సరే, విషమే అనుకుందాం. మాస్కు పనిచెయ్యదంటున్నావ్. ఏం చేయమంటావ్ మరి? మీ ఆయన గడ్డం గీయిస్తావా? బిషప్‌ని పిలుచుకొచ్చి నువ్వే గీస్తావా?" అని నవ్వాడు.

అబ్నర్ చెయ్యి అతనికి తెలియకుండానే గడ్డం మీదకి వెళ్ళింది. మలిండా అది చూసింది. అప్పటిదాకా ఆమెది కోపం. ఆ క్షణం నుంచి అది నిర్ణయం.

"ఆయన గడ్డం ఆయనకుంటుంది. నాకు లేదుగా" అంది.

లేచి వెళ్ళి తలగుడ్డ బిగించి కట్టుకుంది. మాస్కు పెట్టుకుని, డబ్బాలు రెండు అరచేతులతో మూసి, గట్టిగా ఊపిరి పీల్చి చూసుకుంది. రబ్బరు చెంపలకి అతుక్కుపోయింది. కళ్ళద్దాలు, మోచేతుల దాకా తొడుగులు, అన్నిటి మీద వల ముసుగు. అబ్నర్ వెంట వచ్చాడు గానీ ఆమె కంచె దగ్గరే ఆపేసింది. "అక్కణ్ణించి చెప్పు. గాలికి ఎదురు నిలబడకు."

అతను చెప్పాడు, ఆమె చేసింది. గాలి వీపుకి తగిలేలా నిలబడింది. పొడి పెనంలో పోసి, గుమ్మంలోంచి లోపలికి తోసి, చుట్టూ తడిగుడ్డ కుక్కింది. బ్యాటరీ తగిలించి వెనక్కి జరిగింది. పెట్టె మూత సందుల్లోంచి తెల్లటి పొగ సన్నగా పాకింది. ఎర్విన్ చేతులు కట్టుకుని, వినోదం చూడ్డానికన్నట్టు కంచె దాటి వచ్చి పెట్టెకి అవతలి పక్కన నిలబడ్డాడు. గాలి విసిరి పొగ నేరుగా అతని మొహాన కొట్టింది. దగ్గు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. మలిండా అతని వైపు చూడను కూడా లేదు. రెండో పెట్టె దగ్గరికి నడిచింది.

ఆదివారం ఇల్లు నిండింది. బల్లల మీద మగవాళ్ళ నల్ల కోట్లు ఒకవైపు, ఆడవాళ్ళ తెల్ల టోపీలు ఒకవైపు. రెండో పాట వచ్చింది, ప్రతి ఆరాధనలోనూ వచ్చే స్తుతి గీతం. అది ఎత్తమని పక్కవాడు అబ్నర్ మోకాలు తట్టాడు. వద్దని తల ఊపొచ్చు. ఊపితే మర్యాదగా ఇంకొకరికి పోతుంది. కానీ సొంత ఇల్లు. అబ్నర్ ఊపిరి పీల్చుకున్నాడు.

మొదటి పాదం ఎత్తాడు. సన్నగానైనా వచ్చింది. అందరూ అందుకున్నారు. రెండో పాదమూ వచ్చింది. ఆడవాళ్ళ వైపు మలిండా ఒళ్ళోని చిన్నపిల్ల చెయ్యి నొక్కిపట్టుకుంది. మూడో పాదం దగ్గర అక్షరం పైకి లేచి, ఎక్కాల్సిన చోటికి ఎక్కకుండానే పగిలింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎర్విన్ వెంటనే అందుకున్నాడు, పెద్ద గొంతుతో, ఇల్లదిరేలా. అక్షరం సగం కొండెక్కింది. అక్కడ దగ్గు తగులుకుంది, కుక్క మొరిగినట్టు. ఊపిరి బిగబట్టి పక్కకి తప్పుకునే మనిషికి ఈసారి తప్పుకోడానికి పక్క లేదు. అతని వెనక బల్ల మీద తేనె మగాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఎర్విన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఒక్కడూ తలెత్తలేదు. ఒకడు మెల్లగా గొంతు సవరించుకోబోయి, ఏం బయటపడుతుందోనని మానుకున్నాడు.

 పాట అలా మధ్యలో ఆగిపోవడం ఎవరూ ఎరగరు.

మలిండాకి ఒళ్ళంతా మండిపోయింది. ఆ పొగ మీద, ఆ మాస్కు చేసినవాడి మీద, ఎర్విన్ మీద, నెత్తురు రుమాళ్ళు జేబులో దాచుకున్న తన మొగుడి మీద, ఉతుకుతూ కూడా ఇన్నాళ్ళు చూడని తన మీద. ఆడది పాట ఎత్తదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎన్నడూ ఎత్తలేదు, అంతే. కానీ ఆ గదిలో పుండు పడని ఊపిరి ఎవరి దగ్గరుందో ఆమెకి తెలుసు.

ఎత్తింది. అబ్నర్ వదిలిన చోటునుంచే, అబ్నర్ గొంతులో విని విని నేర్చుకున్న వంపులతోనే ఎత్తింది. బిషప్ తల తిరిగింది. ఎవరో పెద్దామె అబ్బో అన్నట్టు ఊపిరి బిగపట్టింది. మొదట సలోమా అందుకుంది. ఆ తర్వాత ఆడవాళ్ళు, చివరికి మగవాళ్ళూ. అబ్నర్ పెదవులు కదిలాయి, గొంతు లేదు. పాట పూర్తయ్యేదాకా అతను పెళ్ళాం వైపు చూస్తూనే ఉన్నాడు, కళ్ళు తుడుచుకోకుండా.

భోజనాల వేళ బిషప్ ఆమె పోసిన కాఫీ తీసుకుని, "దీని గురించి మాట్లాడుకోవాల్సి ఉంటుంది" అన్నాడు నెమ్మదిగా.

"మాట్లాడుకుందాం. ముందు పొగ గురించి మాట్లాడుకుందాం" అంది మలిండా. ఆయన కాఫీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

అందరూ బండ్లు కట్టుకుంటుంటే ఎర్విన్ వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మలిండా... ఆ మాస్కు... సలోమా మొహానికి సరిపోతుందంటావా?"

మలిండా చేతిలో గిన్నె కింద పెట్టింది. "మొన్న మీరు నిలబడి వినోదం చూసిన పని, ఇప్పుడు పెళ్ళాం చేత చేయిద్దామనా? సరిపోతుంది బావగారూ. సలోమాని పంపండి, ఎక్కడ నిలబడాలో నేనే నేర్పిస్తాను. కానీ దానికి బదులు నాకొకటి తెచ్చివ్వండి."

"ఏం కావాలి?"

"నా మొగుడి గొంతు."

ఎర్విన్ పెరటి వైపు తిరిగి చూశాడు. పెరట్లో అబ్నర్ సలోమా గుర్రానికి పట్టీ బిగిస్తున్నాడు. ఏదో పాట కూనిరాగం తీయబోయి, దగ్గి, మళ్ళీ పట్టీ మీదకి వంగాడు.